సీటులో మనవాడా, మనం కూర్చోబెట్టినవాడా?
అమెరికా లాటినోల ఓటు పోరాటం

(అంబేడ్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా అనగానే మన సభల్లో నల్లవాళ్ల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరునే అక్కడి బ్లాక్ పాంథర్స్‌ని చూసి పెట్టుకున్నారు. అయితే ఆ దేశంలో నల్లవాళ్ల కంటే సంఖ్యలో ఎక్కువైన ఇంకో జనం ఉన్నారు. వాళ్ల గురించి మన పత్రికలు రాసేది తక్కువ, మన నాయకులు మాట్లాడేది ఇంకా తక్కువ. వాళ్లే లాటినోలు. మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా మూలాలున్నవాళ్లు. 2024 నాటికి వీళ్లు 6 కోట్ల 80 లక్షలు. అంటే ఆ దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు.

ఐదుగురిలో ఒకరైతే అధికారంలో ఐదో వంతు దక్కాలి గదా? లెక్క చూద్దాం. నూరుమంది ఉండే సెనేట్‌లో ఆరేడుగురు. 435 మంది ఉండే ప్రతినిధుల సభలో యాభై లోపు. ఊరి కౌన్సిళ్లు, స్కూలు బోర్డుల దాకా కలిపితే ఆ దేశంలో జనం ఎన్నుకునే పదవులు ఐదు లక్షల పైమాటే. వాటిలో లాటినోల చేతిలో ఉన్నవి నూటికి రెండు కూడా లేవు.

ఎందుకిట్లా జరిగింది అని అడిగితే అక్కడి పెద్దమనుషుల దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, వాళ్లకి చైతన్యం లేదు. రెండు, వాళ్లలో ఐక్యత లేదు. ఈ రెండు మాటలూ మనకి కొత్త కాదు. మన గురించీ ఇవే చెప్తారు. కాని అక్కడి చరిత్ర కొంచెం తవ్వి చూస్తే అసలు యంత్రం బయటపడుతుంది. ఓటు ఉండడం వేరు, ఆ ఓటుకి బలం ఉండడం వేరు. సీటులో మనవాడు ఉండడం వేరు, మనం కూర్చోబెట్టినవాడు ఉండడం వేరు. ఈ తేడా కోసమే బాబాసాహెబ్ 1932లో కొట్లాడాడు. ఈ తేడా కోసమే టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో పాలకూర కోసే కూలీలు, కసాయి పని చేసేవాళ్ల పిల్లలు కొట్లాడారు. ఆ కథ చెప్తాను.

సరిహద్దే వాళ్లని దాటింది

లాటినోలు అంటే నిన్న మొన్న గోడ దూకి వచ్చినవాళ్లని ప్రచారం. అసలు సంగతి ఏంది? 1846లో అమెరికా మెక్సికో మీద యుద్ధానికి పోయింది. 1848 ఒప్పందంలో కాలిఫోర్నియా, నెవాడా, యూటా, అరిజోనా, న్యూమెక్సికోల్లో చాలా భాగం రాయించుకుంది. టెక్సాస్‌ని అంతకు ముందే కలుపుకుంది. ఆ నేల మీద ఉన్న మెక్సికన్లు ఉన్నచోటే ఉండి పరాయివాళ్లయ్యారు. మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది అని వాళ్లలో ఒక నానుడి ఉంది. 1898లో ప్యూర్టోరికో దీవిని పట్టుకున్నారు. 1917లో అక్కడి జనానికి పౌరసత్వం ఇచ్చారు. సైన్యంలోకి పిలిచారు. కాని ఆ దీవిలో ఉంటున్నవాళ్లకి అధ్యక్షుడి ఎన్నికలో ఈనాటికీ ఓటు లేదు.

మూడో దారి కూలి దారి. 1942 నుంచి 1964 దాకా ప్రభుత్వమే ఒప్పందం పెట్టుకుని మెక్సికో కూలీలను పొలాలకి రప్పించింది. చేతులు కావాలి, మనుషులు అక్కర్లేదు అన్నట్టు వాడుకుని ఒప్పందం రద్దు చేసింది. ఇక్కడ మన తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1965లో అమెరికా కొత్త వలస చట్టం చేసింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఆ దేశం పోవడానికి తలుపు తెరిచింది ఆ చట్టమే. మెక్సికోతో సహా అమెరికా ఖండాల నుంచి వచ్చే వలసకి మొట్టమొదటిసారి సంఖ్యా పరిమితి పెట్టిందీ ఆ చట్టమే. చదువుకున్నవాడికి తలుపు తీసిన చేయే కూలివాడికి గడప మీద కర్ర అడ్డం పెట్టింది. పొలం పని మాత్రం ఆగలేదు. కూలి మనిషి రావడమూ ఆగలేదు. కాగితాలు లేనివాడు అనే పేరొక్కటి కొత్తగా వచ్చింది.

అందుకే 6 కోట్ల 80 లక్షల మందిలో 2024లో ఓటుకి అర్హులు సుమారు 3 కోట్ల 60 లక్షలే. మిగతావాళ్లు పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు, పౌరసత్వం లేని పెద్దలు. పన్ను కడతారు, పంట కోస్తారు, ఇళ్లు కడతారు. ఓటు లేదు.

కాగితం మీద తెల్లవాళ్లు

1951లో టెక్సాస్‌లోని జాక్సన్ కౌంటీలో పీట్ హెర్నాండెజ్ అనే కూలి మీద హత్య కేసు పడింది. విచారించిన జ్యూరీలో ఒక్క మెక్సికన్ లేడు. ఆ కౌంటీ జనాభాలో నూటికి 14 మంది వాళ్లే. అయినా 25 ఏళ్లలో ఒక్కరు కూడా జ్యూరీలో కూర్చోలేదు. గస్ గార్సియా, కార్లోస్ కడేనా అనే లాయర్లు దీన్ని సుప్రీం కోర్టు దాకా తీసుకుపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వాదన ఏందో తెలుసా? మెక్సికన్లు తెల్లవాళ్ల లెక్కే, జ్యూరీలో తెల్లవాళ్లున్నారు, ఇంక వివక్ష ఎక్కడ అని.

తెల్లవాళ్ల లెక్కే! ఆ కోర్టు ఆవరణలోనే మగవాళ్లకి రెండు మరుగుదొడ్లు ఉన్నాయి. ఒకదాని మీద ఏ రాతా లేదు. రెండో దాని మీద రంగువాళ్లకి అని ఇంగ్లీషులో, దాని కింద మగవాళ్లు ఇక్కడికి అని స్పానిష్‌లో రాసి ఉంది. ఈ సంగతిని సుప్రీం కోర్టే తన తీర్పులో రాసింది. 1954 మే నెలలో హెర్నాండెజ్ పక్షాన తీర్పు వచ్చింది. నల్లపిల్లల బడి గురించిన బ్రౌన్ తీర్పుకి రెండు వారాల ముందు. అందరూ మనవాళ్లే అని లెక్కల్లో కలుపుకోవడం, బావి దగ్గర, గుడి దగ్గర, పెళ్లి దగ్గర విడదీయడం మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఓటుకి తాళాలు

టెక్సాస్‌లో 1902 నుంచి ఓటు వేయాలంటే పన్ను కట్టాలి. ఒకటిన్నర, ఒకటి ముప్పావు డాలరు. రోజంతా వంగి పని చేసే కూలి ఇంటికి ఇద్దరు ఓటర్లుంటే తిండి గింజలా, ఓటా అని ఆలోచించుకోవాలి. 1918లో పోలింగ్ దగ్గర దుబాసీ ఉండకూడదని ఇంకో చట్టం. న్యూయార్క్‌లో ఇంగ్లీషు చదవడం రాయడం వస్తేనే ఓటని పరీక్ష. స్పానిష్ బడిలో చదువుకున్న ప్యూర్టోరికో మనిషి అమెరికా పౌరుడై ఉండి కూడా చదువు రానివాడయ్యాడు.

ఈ తాళాలు ఒక్కొక్కటే విరిగాయి. నల్లవాళ్లు రక్తం ధారపోసి సాధించిన 1965 ఓటు హక్కుల చట్టంలో ప్యూర్టోరికన్లకు రక్షణ చేరింది. రాష్ట్ర ఎన్నికల్లో ఓటు పన్ను 1966లో పోయింది. 1975లో ఆ చట్టాన్ని భాషా అల్పసంఖ్యాకులకు విస్తరించారు. అందుకోసం పట్టుబట్టినవాళ్లలో టెక్సాస్ నల్లజాతి ఆడబిడ్డ, కాంగ్రెస్ సభ్యురాలు బార్బరా జోర్డాన్ ముందు వరసలో ఉంది. లాటినోలు ఎక్కువగా ఉన్నచోట స్పానిష్‌లోనూ బ్యాలెట్ ఇవ్వాల్సి వచ్చింది. ఒక జనం తెచ్చిన చట్టం ఇంకో జనానికి గొడుగైంది.

పాత తాళాలు పోతే కొత్తవి వచ్చాయి. మన దగ్గర ప్రభుత్వమే ఇంటికొచ్చి ఓటరు జాబితా రాస్తుంది. ఎన్ని తప్పులున్నా ఆ బాధ్యత దానిది. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఓటరే పోయి పేరు నమోదు చేసుకోవాలి. అధ్యక్షుడి ఎన్నిక మంగళవారం. దేశమంతటికీ సెలవు లేదు. గంట లెక్కన కూలి తీసుకునేవాడు క్యూలో నిలబడితే ఆ గంటల కూలి పోయినట్టే. 2011లో టెక్సాస్ గుర్తింపు కార్డుల చట్టం చేసింది. అందులో తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, విద్యార్థి కార్డు చెల్లదు. ఎవరి చేతిలో ఏ కార్డు ఉంటుందో చట్టం రాసినవాళ్లకి తెలియదా? 2020లో అర్హులైన తెల్లవాళ్లలో నూటికి 71 మంది ఓటేస్తే లాటినోల్లో 54 మందే వేశారు. చైతన్యం లేదు అనే ముందు ఈ తాళాలన్నీ లెక్కపెట్టాలి.

ఊరంతా ఒకే వార్డు

ఇన్ని తాళాలు దాటి ఓటు వేసినా ఆ ఓటుని నీళ్లలో కలిపే పద్ధతి ఇంకోటుంది. మన పంచాయతీనే తీసుకోండి. పది వార్డులు. ఊళ్లో అరవై ఓట్లు, వాడలో నలభై ఓట్లు. వార్డు వారీగా ఎన్నిక జరిగితే వాడకి నలుగురు సభ్యులొస్తారు. వార్డులు తీసేసి పది స్థానాలకూ ఊరూ వాడా కలిసి ఓటెయ్యండి అంటే? అరవై మందీ ఒక్కటైతే పదికి పదీ వాళ్లవే. వాడలో నలభై మందికీ ఓటుంది, నలభై మందీ వేశారు, సీటు సున్నా. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, బూత్ ఆక్రమించలేదు.

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నగరంలో ఇదే జరిగింది. కౌన్సిల్ ఎన్నిక ఊరంతా కలిసి. 1955 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు గుడ్ గవర్నమెంట్ లీగ్ అనే వ్యాపారుల సంఘం అభ్యర్థుల జాబితా తయారు చేసేది. ఆ జాబితాలో ఒకరిద్దరు మెక్సికన్లు కూడా ఉండేవాళ్లు. ఎవరు వాళ్లు? లీగ్ పెద్దలు మెచ్చినవాళ్లు. ఎవరి ఓట్లతో గెలిచారో వాళ్లకే జవాబుదారీ. నగరం పడమటి వైపున బారియో ఉంది. బారియో అంటే వాళ్ల వాడ. వాన పడితే అక్కడ మురుగు ఇళ్లలోకి వచ్చేది. కాలవలు తవ్వమంటే డబ్బుల్లేవు. ఉత్తర దిక్కున కొత్త కాలనీలకు రోడ్లు మాత్రం పడేవి. కౌన్సిల్‌లో మెక్సికన్ ఉన్నాడు గదా అంటే ఉన్నాడు. కాలవ లేదు.

ఆ జిల్లా నుంచి రాష్ట్ర శాసనసభకి పోయే సభ్యుల ఎన్నికా ఇదే తీరు. 1973లో సుప్రీం కోర్టు ఈ పద్ధతిని కొట్టేస్తూ ఒక లెక్క చెప్పింది. 1880 నుంచి ఆ జిల్లా తరఫున శాసనసభకి పోయిన మెక్సికన్లు ఐదుగురే, అందులో బారియో నుంచి పోయినవాళ్లు ఇద్దరే అని. 1974లో బారియో చర్చిల్లోంచి, గృహిణుల్లోంచి కాప్స్ అనే సంఘం పుట్టింది. మురుగు కాలవల లెక్కలు చేతబట్టుకుని కౌన్సిల్ మీద పడింది. ఓటు హక్కుల చట్టం టెక్సాస్‌కి వర్తించిన మరుసటేడే, 1976లో, కేంద్ర న్యాయశాఖ ఆ నగరం ఎన్నికల తీరుకి అడ్డు చెప్పింది. 1977లో పది వార్డులొచ్చాయి. ఆ ఏడే పదకొండు మంది కౌన్సిల్‌లో ఐదుగురు మెక్సికన్లు, ఒక నల్లవాడు గెలిచారు. జనాభా మారలేదు, చైతన్యం రాత్రికి రాత్రి ఆకాశం నుంచి ఊడిపడలేదు. లెక్కపెట్టే పద్ధతి మారింది.

ఇది పాత కథ అనుకోవద్దు. మన బజార్లలో చీటీ అంటించి అమ్మే వాషింగ్టన్ ఆపిల్ చూశారు గదా. అవి పండే చోట్లలో యాకిమా ఒకటి. కోసేది ఎక్కువగా మెక్సికన్ కూలీలు. ఊరి జనాభాలో నూటికి 41 మంది లాటినోలు. 37 ఏళ్లలో ఒక్క లాటినో కూడా కౌన్సిల్‌కి ఎన్నిక కాలేదు. 2014లో కోర్టు ఆ పద్ధతి చెల్లదంది. 2015లో వార్డుల ఎన్నిక జరిగింది. ముగ్గురు లాటినో ఆడవాళ్లు గెలిచారు.

గీత గీసే చెయ్యి

వార్డులొస్తే సరిపోతుందా? గీత గీసే చెయ్యి ఎవరిదో చూడాలి. లాస్ ఏంజెల్స్ కౌంటీని ఏలేది ఐదుగురు సూపర్‌వైజర్లు. 1990 నాటికి జనాభాలో మూడో వంతుకి పైగా లాటినోలు. అయినా వందేళ్లకు పైగా ఒక్కరు గెలవలేదు. కారణం సులువు. బారియోని ముక్కలు చేసి ఒక్కో ముక్కని ఒక్కో నియోజకవర్గంలో కలిపారు. ఎక్కడా గెలిచేంత ఉండకూడదు. ఇది తెలిసి చేసిన పని అని 1990లో కోర్టు తేల్చింది. కొత్త గీతలతో 1991లో గ్లోరియా మొలీనా గెలిచింది. కూలి పని చేసిన తండ్రికి పదిమంది సంతానంలో పెద్ద కూతురు.

గీత గీయాలంటే ముందు జనాన్ని లెక్కపెట్టాలి. 2020 జనగణనలో లాటినోలను నూటికి దాదాపు ఐదుగురి చొప్పున తక్కువ లెక్కించారని ఆ జనగణన శాఖే ఒప్పుకుంది. అదే లెక్కలో తెల్లవాళ్లు ఒకటిన్నర శాతం పైన ఎక్కువ వచ్చారు. అట్లా తగ్గిన లెక్కలో కూడా టెక్సాస్ జనాభా పదేళ్లలో దాదాపు 40 లక్షలు పెరిగింది, అందులో సగం లాటినోలే. ఆ పెరుగుదల వల్ల రాష్ట్రానికి రెండు కొత్త కాంగ్రెస్ సీట్లొచ్చాయి. 2021లో గీత గీసినవాళ్లు ఆ రెంటిలో ఒక్కదాన్ని కూడా లాటినోలు మెజారిటీగా ఉండేట్టు గీయలేదు. మనుషులు వాళ్లవి, సీట్లు వేరేవాళ్లవి. 2013లో సుప్రీం కోర్టు ఓటు హక్కుల చట్టంలో ముందస్తు అనుమతి నిబంధనని పని చేయకుండా చేసింది. 1976లో శాన్ ఆంటోనియోని ఆదుకున్న కోర అదే.

ఇద్దరు మిత్రులు, రెండు దారులు

1967లో శాన్ ఆంటోనియోలో ఐదుగురు కుర్రాళ్లు మాయో అనే యువజన సంఘం పెట్టారు. వాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. హోసే ఆంహెల్ గుటియెర్రెజ్, విల్లీ వెలాస్కెజ్.

గుటియెర్రెజ్ సొంతూరు క్రిస్టల్ సిటీ. పాలకూరకి పేరుమోసిన ఊరు. పాలకూర తిని బలం తెచ్చుకునే బొమ్మల కథల వీరుడు పొపాయ్‌కి అక్కడ విగ్రహం ఉంది. ఆ పాలకూర కోసేవాళ్లు, డబ్బాలకెత్తేవాళ్లు ఊరి జనంలో ఎక్కువమంది. వాళ్లకి అధికారం లేదు. 1963లో వాళ్లు ఇల్లిల్లూ తిరిగి ఓటు పన్ను కట్టించి ఐదుకి ఐదు కౌన్సిల్ సీట్లూ గెలిచారు. గెలిచినవాళ్లలో ఒకరి ఉద్యోగం పోయింది, ఒకరి జీతం సగానికి కోశారు. రెండేళ్లకి కౌన్సిల్ చేజారింది. ఓటు గెలిచినా పని ఇచ్చే చెయ్యి ఎదుటివాడిదైతే ఏమవుతుందో అక్కడ చూడొచ్చు.

1969లో అదే ఊరి హైస్కూల్లో పిల్లలు బడి మానేసి రోడ్డెక్కారు. ఆటల దగ్గర ఉత్సాహపరిచే ఆడపిల్లల జట్టులో నలుగురికి ముగ్గురు తెల్లవాళ్లే ఉండాలన్న కట్టుబాటు మీద మొదలైన గొడవ, మా భాష, మా చరిత్ర, మా టీచర్లు అనేదాకా పోయింది. పిల్లలు గెలిచారు. ఆ ఊపులో 1970లో లా రాసా ఉనీదా పార్టీ పుట్టింది, ఆ ఏప్రిల్‌లోనే స్కూలు బోర్డులో, కౌన్సిల్‌లో గెలిచింది. 1972లో గవర్నర్ పదవికి పోటీ చేసి రెండు లక్షల పైన ఓట్లు, నూటికి ఆరు తెచ్చుకుంది. లోపలి తగాదాలు, బయటి దాడులు, రెండు పెద్ద పార్టీల మధ్య నలిగి 1978కల్లా బ్యాలెట్‌లో చోటు పోగొట్టుకుంది.

వెలాస్కెజ్ ఇంకో దారి పట్టాడు. కసాయి పని చేసే తండ్రి కొడుకు. 1974లో శాన్ ఆంటోనియోలో ఓటరు నమోదు సంస్థ పెట్టాడు. నీ ఓటే నీ గొంతు అనేది దాని నినాదం. ఏ పార్టీకి వెయ్యమనీ చెప్పేవాడు కాదు. బారియోలో ఏం కావాలి అని ఇంటింటా అడిగించేవాడు. దీపం, రోడ్డు, కాలవ. ఆ జవాబుతోనే ఓటరుగా రాయించేవాడు. గీతలు అన్యాయంగా ఉన్న ఊళ్ల మీద కేసులు వేయించేవాడు. 1988లో 44 ఏళ్లకే కేన్సర్‌తో పోయాడు.

ఎవరి దారి మంచిది అని నన్ను అడగొద్దు. ఒకరు జనానికి తలెత్తుకోవడం నేర్పారు, ఇంకొకరు జాబితాలో పేరెక్కించారు. రెండూ లేకుండా ఏదీ నిలవదు. ఇద్దరికీ ఒక సంగతి స్పష్టంగా తెలుసు. పెద్ద పార్టీ దయతో దొరికిన సీటు పెద్ద పార్టీకే జవాబు చెప్తుంది.

లోపలి గోడలు

మంచి మాత్రమే చెప్పి దిగిపోతే అది ప్రసంగం కాదు, భజన. లాటినోలు ఒక్క ముద్ద కాదు. మయామీ క్యూబన్ వ్యాపారి, టెక్సాస్ పొలం కూలి ఒకటి కాదు. వాళ్లలో తెల్లరంగువాళ్లున్నారు, నల్లవాళ్లున్నారు, ఆదివాసులున్నారు. 2024లో లాటినో ఓటర్లలో సగానికి దగ్గరగా ట్రంప్‌కి వేశారు. పేరు చూసి ఓటు మాదే అనుకున్న పార్టీకి అది చెంపదెబ్బ.

ఇంతకంటే చేదు సంగతి 2022లో బయటపడింది. లాస్ ఏంజెల్స్ నగర కౌన్సిల్‌లో ముగ్గురు లాటినో సభ్యులు గీతల గురించే మాట్లాడుకుంటూ ఒక నల్లపిల్లవాడి గురించి, మెక్సికోలోని వహాకా ప్రాంతపు ఆదివాసుల పొట్టి ఎత్తు, నల్లరంగు గురించి నీచంగా మాట్లాడిన టేపు బయటికొచ్చింది. కౌన్సిల్ అధ్యక్షురాలు రాజీనామా చేయాల్సి వచ్చింది. ముందుగా వీధికెక్కి నిలదీసినవాళ్లలో ఆ వహాకా జనం ఉన్నారు. సీటు ఎక్కినవాడు తన కిందివాణ్ణి మర్చిపోతే సీటు రంగు మారినట్టే, స్వభావం మారలేదు. వర్గీకరణ కోసం 1994 నుంచి దండోరా వేసిన మాదిగల మాట విన్న నేల మనది. ఈ సంగతి మనకి ఇంకెవరూ నేర్పక్కర్లేదు.

మన ప్రశ్న

అమెరికా ఓటు హక్కుల చట్టంలో 1982లో చేర్చిన మాటల సారం ఇది: అల్పసంఖ్యాకులకు తాము కోరుకున్న ప్రతినిధిని ఎన్నుకునే అవకాశం మిగతావాళ్లతో సమానంగా ఉండాలి. తమ కులంవాడు, తమ రంగువాడు అని రాయలేదు. తాము కోరుకున్నవాడు అని రాశారు. బాబాసాహెబ్ అడిగింది సరిగ్గా ఇదే. 1932 సెప్టెంబర్ 24న పూనా ఒప్పందంలో ప్రత్యేక ఓటు పోయినా, ముందు మన ఓటర్లే నలుగురు అభ్యర్థులను ఎన్నుకునే ప్రాథమిక ఎన్నిక దక్కింది. అదీ పదేళ్లకే. రాజ్యాంగంలోకి వచ్చేసరికి సీటు మిగిలింది, ఆ ఎంపిక పోయింది. 1952లో ఉత్తర బొంబాయిలో రిజర్వుడు స్థానానికి పోటీ చేసి బాబాసాహెబే ఓడిపోయాడు. గెలిచిందీ దళితుడే. కాంగ్రెస్ నిలబెట్టిన దళితుడు.

లాటినోలకి రిజర్వుడు సీట్లు లేవు. మనకి ఉన్నాయి. అది చిన్న సంగతి కాదు, దాన్ని కాపాడుకోవాలి. కాని వాళ్లు గీతల మీద, లెక్కల మీద, జాబితాల మీద ఊరూరా నిలబడి కొట్లాడారు. మనం సీటు ఉంది గదా అని గీతల సంగతి వదిలేశాం. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన మాటలు మళ్లీ ముందుకొచ్చాయి. గీత గీసేటప్పుడు మన వాడలు ఎన్ని ముక్కలవుతున్నాయో ఎవరు చూస్తున్నారు? ఓటరు జాబితాలో పేరు తీసేస్తే వాడలో ఎవరు అడుగుతున్నారు? రిజర్వుడు సీటులో గెలిచినవాడు కారంచేడు, చుండూరు లాంటివి జరిగిన రోజున నోరు విప్పలేకపోతే, ఆ నోరు ఎవరి ఓట్లతో మూతపడిందో మనం అడగొద్దా?

ప్రతి వాడలో ఇద్దరు చదువుకున్న పిల్లలు ఓటరు జాబితా పట్టుకోండి. వార్డు హద్దులు తెలుసుకోండి. వెలాస్కెజ్ అడిగించినట్టు ఇంటింటికీ పోయి ఏం కావాలో అడగండి. కాలవా, శ్మశానానికి దారా, హాస్టలా. అది రాసుకుని ఓటడగడానికి వచ్చినవాడి ముందు పెట్టండి. మనవాడైనా సరే, ముందు వాడికే పెట్టండి.

జై భీం.